యాభై తొమ్మిది రెళ్లు, ఒకటి తక్కువ

ఆ ఏడాది అకోఫా రోజూ పొద్దున్నే అరవై డబ్బాల నీళ్లు మోసేది. అన్లోగా ఊళ్లో, సముద్రానికీ ఉప్పు సరస్సుకీ నడుమనున్న ఇసుక నేలలో ఆమెకు ఇరవై నాలుగు చిన్న ఉల్లి మళ్లున్నాయి. ఎండ ముదరకముందే గుంట బావిలోంచి తోడి, రెండు చేతులా రెండు చిల్లుల డబ్బాలు పట్టుకుని అన్నిటినీ తడపాలి. పని కాగానే తక్కిన ఆడవాళ్లు కొబ్బరిచెట్ల నీడన చేరి మొక్కజొన్న పిండితో ఉడికించిన అక్ప్లే ముద్దలు విప్పుకునేవాళ్లు. అకోఫా మాత్రం రెండు మళ్ల మధ్య తడి ఇసుకను అరచేత్తో చదును చేసి, పుల్ల తీసుకుని ఒక భాగహారం చేసేది. రోజుకొకటి.

భాగించాల్సిన సంఖ్య రోజూ ఒకటే. పద్దెనిమిది అంకెలది: 576460752303423487. భాజకం మాత్రం ఏ రోజుకారోజు మారేది. చివర శేషం మిగిలితే దాన్ని పిల్లల నోటుపుస్తకంలో చిన్నగా రాసుకుని, ఇసుక మీది లెక్కని మడమతో తుడిచేసేది. ముందటేడు కరువులో తిండితోపాటు కాగితానికీ కటకట వచ్చింది. ఇసుకకు మాత్రం ఏ కరువూ లేదు.

"ఇవాళైనా తెగిందా?" అని కొబ్బరిచెట్టు కిందనుంచి అరిచేది మేనత్త యావా. శేషం లేకుండా భాగించడాన్ని ఆ ఆడవాళ్లంతా తెగడం అనేవాళ్లు.

"లేదత్తా. నాలుగు వేలు మిగిలింది."

"మిగిలితే ఏడుస్తావేమే? మా ఇళ్లల్లో ఏ పూటా గిన్నెలో ఏమీ మిగిలి చావదు!"

ఆడవాళ్లు పగలబడి నవ్వేవాళ్లు. అకోఫా నవ్వేది కాదు.

ఆ పద్దెనిమిది అంకెలూ ఊళ్లో అందరికీ తెలిసినవే. దారికి అవతల, అకోఫా మళ్లకు సరిగ్గా ఎదురుగా, సెకండరీ స్కూలు సభా భవనం గోడ మీద మూరెడేసి ఎత్తున నీలం రంగులో ఉండేవి. స్కూలు పెట్టింది 1959లో. 1984 నవంబరులో పాతికేళ్ల పండగ. దానికి ఏడాది ముందే హెడ్మాస్టర్ విన్‌ఫ్రెడ్ క్పెగ్లో నిచ్చెన వేయించి, దగ్గరుండి ఆ అంకెలు రాయించాడు. కింద ఇంకో వరుస రాయించాడు: "యాభై తొమ్మిది రెళ్లు వరసగా గుణించి ఒకటి తీసేస్తే వచ్చే ప్రధాన సంఖ్య. ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ తెగదు. మన స్కూలూ అంతే." యాభై తొమ్మిది ఎందుకంటే అది స్కూలు పుట్టిన ఏడు గనక. పండగనాడే ఆయన పదవీ విరమణ. ఆ భవనానికి ఆయన పేరు పెడతారని, పేరు చెక్కిన రాయి కూడా వచ్చేసిందని ఊరంతా అనుకుంటున్నారు.

అకోఫా కూడా ఆ స్కూల్లోనే చదివింది. 1966లో నాలుగో ఫారంలో ఉంది. పదహారేళ్ల పిల్ల. అప్పట్లో క్పెగ్లో లెక్కల మాస్టారు. ఒకరోజు ఆయన బోర్డు మీద రెళ్లు గుణించి చూపించాడు. రెండు రెళ్లు నాలుగు, ఒకటి తీస్తే మూడు. మూడు రెళ్లు వరసగా గుణిస్తే ఎనిమిది, ఒకటి తీస్తే ఏడు. అయిదు రెళ్లకి ముప్పై ఒకటి. ఏడు రెళ్లకి నూట ఇరవై ఏడు. అన్నీ ప్రధాన సంఖ్యలే.

"ఏ ప్రధాన సంఖ్యయినా సరే, అన్ని రెళ్లు తీసుకుని గుణించి ఒకటి తగ్గించండి. వచ్చేది ప్రధాన సంఖ్యే. ఎంత దూరం పోయినా ఇంతే," అన్నాడు.

వెనక బల్ల నుంచి అకోఫా లేచింది. "పదకొండు దగ్గర ఆగిపోతుంది మాస్టారూ. పదకొండు రెళ్లకి రెండు వేల నలభై ఏడు వస్తుంది. అది ఇరవై మూడుతో తెగుతుంది. ఎనభై తొమ్మిదిసార్లు."

క్లాసులో ఎవడో కిసుక్కుమన్నాడు. మాస్టారు బోర్డు మీద గుణించి చూశాడు. సరిపోయింది. డస్టరు కోసం కూడా చూడకుండా చేత్తోనే చెరిపేశాడు.

"ఇది నువ్వు కనుక్కున్నావా?"

"అవును మాస్టారూ."

"ఎక్కడ? ఉల్లి మళ్లలోనా?"

"అక్కడే మాస్టారూ. నీళ్లు పడుతూ."

క్లాసు ఈసారి గట్టిగానే నవ్వింది. నవ్వింది ఆమెను చూసి కాదు. ఆ సంగతి ఆయనకు తెలిసింది.

ఆ సాయంత్రం మాస్టారి బీరువాలోంచి లెక్కల పుస్తకమొకటి పోయిందన్నారు. ఉల్లి పండించేవాళ్ల పిల్లకి ఇంత లెక్క ఆ పుస్తకంలోంచి కాక ఇంకెక్కణ్నుంచి వస్తుందన్నాడాయన. మర్నాడు రిజిస్టరులో ఆమె పేరుకెదురుగా ఎర్రసిరాతో రాశాడు: "మాస్టారి పుస్తకం దొంగిలించినది. పంపివేయడమైనది." ఆ వరుస చూసిన స్కూలేదీ ఆమెను చేర్చుకోలేదు. పదకొండేళ్ల తర్వాత, మంచాన పడ్డ స్కూలు అటెండరు ఆమెకు కబురంపి అసలు సంగతి చెప్పాడు. పుస్తకం వారం తిరక్కుండానే బీరువా వెనక దొరికింది. మాస్టారు దుమ్ము దులిపి లోపల పెట్టుకున్నాడు. రిజిస్టరు మాత్రం తెరవలేదు.

పెళ్లయింది. ఇద్దరు పిల్లలు పుట్టారు. మొగుడు చేపల వేటకని పడమటి తీరానికి పోయి అక్కడే ఇంకో ఇల్లు పెట్టుకున్నాడు. అవేవీ ఆమెను అంతగా కోయలేదు. సంతలో చిన్న తగవొచ్చినా ఎదుటి మనిషి నోట మొదట వచ్చే మాట "దొంగ చదువుల దానా" అనే. అది కోసేది.

గోడ మీది రంగు ఆరకముందే అకోఫా ఆ సంఖ్యను నోటుపుస్తకంలో ఎక్కించుకుంది. అది తెగుతుందో లేదో ఆమెకు తెలియదు. తెగాలని మాత్రం కోరుకుంది.

"పద్దెనిమిది అంకెలే తల్లీ! కనిపించిన ప్రతిదానితోనూ భాగిస్తూ కూర్చుంటావా? నీ మనవలు కూడా ముసలాళ్లయిపోతారు," అంది యావా.

"ప్రతిదానితో అక్కర్లేదత్తా. ఏ ఇంటివాళ్లు దాన్ని తెంపగలరో నాకు తెలుసు."

ఇరవై మూడునీ ఎనభై తొమ్మిదినీ ఆమె అన్నేళ్లూ తలలో తిప్పుతూనే ఉంది. పదకొండుకు రెట్టింపు ఇరవై రెండు. ఇరవై మూడంటే దాని మీద ఒకటి. ఎనభై తొమ్మిదంటే నాలుగు ఇరవైరెండుల మీద ఒకటి. తర్వాత ఇరవై మూడు రెళ్లు గుణించి ఒకటి తీసి చూస్తే అది నలభై ఏడుతో తెగింది. నలభై ఏడంటే ఇరవై మూడుకి రెట్టింపు మీద ఒకటి. ఇలాంటి సంఖ్యలన్నిటికీ అదే గుణం. వాటిని తెంపగల ప్రధాన సంఖ్య ఏదైనా, రెళ్ల లెక్కను రెట్టింపు చేసి, దాని గుణిజానికి ఒకటి కలిపితే వచ్చేదే అయి ఉండాలి. పైగా దాన్ని ఎనిమిదితో భాగిస్తే ఒకటో ఏడో మిగలాలి.

యాభై తొమ్మిదికి రెట్టింపు నూట పద్దెనిమిది. కాబట్టి నూట పద్దెనిమిదేసి చొప్పున మెట్లెక్కుతూ, ప్రతి మెట్టు మీదా ఒకటి కలుపుతూ పోవాలి. ఎనిమిది పరీక్షలో సగం రాలిపోతాయి. మిగతావాటిలో మూడు, అయిదు, ఏడు, పదకొండు, పదమూడులతో తెగేవి రాలిపోతాయి. అన్నీ పోగా మొదట నిలబడింది వెయ్యీ అరవై మూడు. 1983 డిసెంబరులో దాంతో మొదలుపెట్టింది. శేషం మిగిలింది. తర్వాతిది పద్దెనిమిది వందల ఎనభై తొమ్మిది. శేషం మిగిలింది.

మూడు పంటలు నాటి తీసింది. ఒకనాడు మేక లెక్క మీదుగా నడిచిపోతే దాన్ని రాయి పెట్టి కొట్టి, లెక్క మొదటినుంచి చేసింది. జ్వరం వచ్చిన వారం రోజులు మాత్రం భాగహారం లేదు. దారికి అవతల క్పెగ్లో ప్రతి ఉదయం గోడ ముందు ఒక్క నిమిషం ఆగి, అంకెల్ని ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసుకుని లోపలికి వెళ్లేవాడు. ఆ ఒక్క నిమిషం అకోఫా పుల్ల ఆపి ఆయన్నే చూసేది. మళ్లీ పుల్ల కదిలేది.

అక్టోబరు రెండో వారంలో, మూడు వందల భాగహారాలకు కాస్త ఇవతల, పదిహేను వందల ఇరవై అయిదో మెట్టుకొచ్చింది. భాజకం 179951. చివరి అంకె కిందికి దించింది. 1259657 అయింది. భాజకాన్ని ఏడుతో హెచ్చవేసి దాని కింద రాసింది. 1259657. తీసేస్తే ఏమీ మిగల్లేదు.

ఇంకో చోట ఇసుక చదును చేసి మళ్లీ చేసింది. మూడోసారి తలకిందులుగా, గుణించి చూసింది. ఆ లెక్కను తుడవలేదు. చుట్టూ కొబ్బరి మట్టలు పాతింది. ఆ పూట అక్ప్లే రెండు ముద్దలు తింది.

"తెగిందా?" అంది యావా, ఆమె తిండి చూసి.

"తెగిందత్తా."

"అయితే ఇంకా చూస్తావేం? పాట కట్టు."

పూర్వం అన్లోగాలో వాడకీ వాడకీ పడకపోతే హాలో పెట్టేవాళ్లు. డప్పులతో వచ్చి, అవతలివాడి బండారమంతా పాట కట్టి నడివీధిలో పాడేవాళ్లు. పాట పడ్డవాడు ముందు వరసలో కూర్చుని మొత్తం వినాలి. మధ్యలో లేచాడా, ప్రతి మాటా ఒప్పుకున్నట్టే. తలలు పగిలేదాకా వస్తోందని ప్రభుత్వం ఎప్పుడో మాన్పించింది. యావా వయసులో ఉండగా మూడు హాలోల్లో గొంతెత్తిన మనిషి. ఉల్లి మళ్ల ఆడవాళ్ల డప్పు బృందానికి స్కూలు పండగలో పాడమని పిలుపు ముందే వచ్చి ఉంది.

"ముందు ఒకసారి అడిగి చూస్తాను," అంది అకోఫా.

"కత్తి నూరుకుని అడగడమేంటే?"

"నన్నెవరూ అడగలేదని ఆయన అనకూడదత్తా."

మర్నాడు తలకు కొత్త గుడ్డ చుట్టుకుని హెడ్మాస్టర్ గదికి వెళ్లింది.

"ఉల్లిపాయలైతే వంటశాల వైపు వెళ్లమ్మా," అన్నాడు క్పెగ్లో తల ఎత్తకుండా.

"నేను అకోఫాని మాస్టారూ. అరవై ఆరులో నాలుగో ఫారం. రిజిస్టరులో నా వరుస కొట్టేయండి. పుస్తకం మీ బీరువా వెనకే దొరికిందని పండగనాడు మైకులో చెప్పండి. నాకింకేమీ అక్కర్లేదు."

ఆయన తల ఎత్తాడు. "పద్దెనిమిదేళ్ల తర్వాత ఇప్పుడేమిటీ గోల?"

"మీ గోడ మీది సంఖ్య తెగుతుంది."

ఆయన కళ్లద్దాలు తీసి, తీరిగ్గా నవ్వాడు. "చూడమ్మాయ్, రెండు సెలవులు కూర్చుని దాన్ని పరీక్షించాను. ఆ సంఖ్య కన్నా ఒకటి తక్కువసార్లు రెళ్లు గుణిస్తే, వచ్చినదాన్ని ఆ సంఖ్యతోనే భాగించినప్పుడు ఒకటి మిగలాలి. ప్రధాన సంఖ్యకి అలాగే మిగులుతుంది. దీనికీ మిగిలింది."

"రెళ్లతో పుట్టినదాన్ని రెండుతోనే పరీక్షిస్తే ఏం చెబుతుంది మాస్టారూ? బిడ్డ మంచిదేనా అని తల్లిని అడిగినట్టుంటుంది. రెండు వేల నలభై ఏడుకి కూడా ఒకటే మిగులుతుంది. మూడుతో చేసి చూడండి."

ఆయన నవ్వు కాస్త ఆగింది. "సరే, దేనితో తెగుతుంది?"

"రిజిస్టరు తీయండి. చెబుతాను."

"దొంగతనానికి తోడు బెదిరింపు కూడానా? నడు బయటికి!"

పండగకు ఇంకా నెల ఉంది. ఆ నెల రోజుల్లో ఆయన మూడుతో చేసి చూసి ఉండొచ్చు. చూడలేదు. రాయికి మాత్రం పట్టు గుడ్డ కప్పించాడు.

పండగనాడు రాయి మీది గుడ్డ తీయడానికి రాజధాని నుంచి విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పే డాక్టర్ లెబెనే అనే ఆవిడ వచ్చింది. ముందు వరసలో ఆవిడ పక్కన క్పెగ్లో, వెనక పెద్దలు. ఉల్లి మళ్ల ఆడవాళ్లు పద్నాలుగుమంది నీలం గుడ్డలు కట్టుకుని డప్పులతో దిగారు. యావా గొంతెత్తింది.

"గోడ మీది మొనగాడా, నిన్ను తెంపేవాడు లేడంట!
పద్దెనిమిది అంకెల జెట్టీ, నీకు అమ్మా నాన్నా లేరంట!"

క్పెగ్లో తొడ మీద తాళం వేశాడు. డాక్టర్ లెబెనే కూడా తల ఊపింది. అప్పుడు పెద్ద డప్పు దరువు మారింది. వెనకనున్న ముసలివాళ్లకు ఆ దరువు తెలుసు. వాళ్లు కుర్చీల్లో నిటారుగా అయ్యారు.

"అయ్యో, తండ్రి ఉన్నాడు, మా ఉల్లిమళ్లో దొరికాడు!
లక్షా డెబ్బై తొమ్మిది వేలా తొమ్మిది వందల యాభై ఒకటి!
పుస్తకం బీరువా వెనకాల, దొంగ బీరువా ముందర!
లేచి పోతావా మాస్టారూ, కూర్చుని వింటావా?"

క్పెగ్లో కుర్చీ చేతుల మీద బలం వేసి సగం లేచాడు. చుట్టూ ముసలివాళ్లంతా ఆయన్నే చూస్తున్నారు. మళ్లీ కూర్చున్నాడు.

డప్పులు ఆగాయి. అకోఫా ముందుకొచ్చి, పై తరగతి ఆడపిల్ల చేతికి సుద్దముక్క ఇచ్చింది. "గుణించమ్మా. 3203431780337 ఒకటి, 179951 ఒకటి. నేలమీదే చెయ్యి. అందరికీ కనబడాలి."

"ఇదేం సభ? ఆపించండి!" అన్నాడు క్పెగ్లో.

"పావుగంట పని. చూద్దాం," అంది డాక్టర్ లెబెనే.

ఆ పిల్ల నేల మీద మోకాళ్లూని ఒక్కొక్క వరుసా గుణించింది. కూడిక మొదలయ్యాక ఆ పిల్ల కుడిపక్కనుంచి ఒక్కొక్క అంకే గట్టిగా చెప్పింది. జనం గోడ మీది అంకెల్ని చివరినుంచి వెనక్కి చదివారు.

"ఏడు!"

"ఏడు!" అన్నారు జనం.

"ఎనిమిది!"

"ఎనిమిది!"

"నాలుగు! మూడు! రెండు!"

అకోఫా గోడను చూడలేదు, నేలను చూడలేదు. క్పెగ్లో ముఖాన్నే చూసింది. ఏడో అంకె దగ్గర ఆయన జేబురుమాలు తీశాడు. పన్నెండో అంకె దగ్గర దాన్ని వాడకుండానే మడిచి లోపల పెట్టుకున్నాడు. పద్దెనిమిదో అంకె, "అయిదు!" అని జనం అరిచినప్పుడు, యావా మైకు అక్కర్లేని గొంతుతో అంది: "పాపం, గోడకి పూసిన రంగంతా దండగయినట్టుంది దొరగారికి!"

రిజిస్టరు తెమ్మన్నది డాక్టర్ లెబెనే. పాత బీరువా తాళం కోసం ఇద్దరు పరిగెత్తారు. ఏం రాయాలని ఆవిడ అడిగితే, అకోఫా రెండే కోరింది. ఆయన చేత్తోనే రాయాలి. ఎర్రసిరాతోనే రాయాలి. క్పెగ్లో నిలబడే రాశాడు: "పుస్తకం నా బీరువా వెనకే దొరికినది. 2047 = 23 × 89 అని ఈమె స్వయంగా కనుగొన్నది." రాయి మీది గుడ్డ ఎవరూ తీయలేదు.

గోడకు సున్నం వేయిద్దామని స్కూలు కమిటీ అంది. వద్దంది అకోఫా. కింద ఇంకో వరుస రాయిస్తే చాలంది. 179951 × 3203431780337. అంతే ఎత్తున, అదే నీలం. ఇకమీదట గోడ మీద ఏ సంఖ్య రాయాలన్నా ముందు అకోఫా సరేననాలని కమిటీ తీర్మానం చేసింది.

"చల్లారిందా?" అంది యావా ఇంటికి వెళ్తూ.

"పద్దెనిమిదేళ్లత్తా. ఒక్క పూటలో ఎలా చల్లారుతుంది?"

ఆ సాయంత్రమే, కారెక్కేముందు డాక్టర్ లెబెనే అకోఫా మళ్లు చూస్తానని వచ్చింది. కొబ్బరి మట్టల మధ్య మిగిలిన లెక్కను చాలాసేపు చూసింది. "ఆయన దురదృష్టం చూడండి. యాభై తొమ్మిదికి బదులు అరవై ఒక్క రెళ్లు తీసుకుని ఉంటే సరిపోయేది. అది నిజంగానే ప్రధాన సంఖ్య. నూరేళ్ల కిందటే తేల్చేశారు. భాగహారాలు చేసి కాదు, వేరే పరీక్ష ఉంది."

"ఆయనకి చెప్పారా?"

"లేదు. వెళ్తూ చెప్పిపోతాను."

"మీకెందుకమ్మా శ్రమ? ఒకే ఊరివాళ్లం. నేను చెబుతాలే."

జనవరి రెండో వారంలో క్పెగ్లో తనంతట తానే ఉల్లి మళ్లకొచ్చాడు. బూట్లు ఇసుకలో కూరుకుంటుంటే విప్పి చేత్తో పట్టుకున్నాడు.

"అరవై ఒకటి తీసుకుంటే ఏమవుతుందంటావ్?"

"నాకేం తెలుసు మాస్టారూ? చేసి చూడండి."

"ఇక ఏ పరీక్షనీ నమ్మను. నీలాగే భాగిస్తాను. తెగకపోతే ఆ గోడ మీద నా పేరుతో రాయిస్తాను. కమిటీ నువ్వు సరేననాలంటోంది."

"తప్పకుండా అంటాను మాస్టారూ. రెట్టింపు నూట ఇరవై రెండు. ఒకటి కలుపుకుంటూ పోండి. మొదట నిలబడేది మూడు వందల అరవై ఏడు." తడి ఎక్కువసేపు ఆరని చోటు చూపించి, తన పుల్ల కూడా ఇచ్చింది.

అప్పట్నుంచి రోజూ వస్తున్నాడు. ఆడవాళ్లు అక్ప్లే తింటూ ఆయన వంగిన వీపును చూస్తుంటారు. ఎండ నెత్తికెక్కేవేళకు లేచి, నడుం పట్టుకుని అడుగుతాడు: "ఇవాళా తెగలేదు. ఇంతదాకా చాలునంటావా?"

"ఇంకొంచెం దూరం చూడండి మాస్టారూ," అంటుంది అకోఫా, మళ్లకు నీళ్లు పడుతూ.

జూన్ మొదటి ఆదివారానికి నూట నలభై మూడు భాగహారాలయ్యాయి. భాజకాలు నూట యాభై కోట్ల దాకా పోతాయి. రాల్చేయాల్సినవన్నీ రాల్చేసినా ఇంకా చేయాల్సినవి ఇరవై లక్షలకు పైనే అని అకోఫా నోటుపుస్తకం వెనక అట్ట మీద లెక్క వేసి పెట్టుకుంది.